జున్ను అమ్ముతానన్న మనవరాలు

“పాలోళ్ల ఇంట్ల పుట్టినదాన్ని, పాలు అమ్ముడు తప్పయితదా బాపూ?”

“పాలు అమ్ముడు తప్పు గాదు. జున్ను అమ్ముడు తప్పు. అది గూడ మంది ఇచ్చిన జున్ను.”

“నేను ఊకెనే అడుక్కోలే. పైసలిస్తనన్న. వాళ్లే తీసుకోలే.”

“ఎందుకు తీసుకోలేదో అడిగినవా?”

“అడిగితే నవ్విన్రు. నేనేం జెయ్యాలె?”

ముందుగదిలో నా కొడుకు, వాడి కూతురు ఇట్లా మాటకు మాట అనుకుంటున్నారు. అప్పుడే దీపాలు పెట్టిన వేళ. ఇంట్లో వాళ్లందరూ ఒకే గదిలో ఉండి లొల్లి పెట్టుకుంటుంటే లోపలి గదిలో లైటు, ఫ్యాను ఊరికే నడుస్తున్నాయి. లేచి వెళ్లి రెండూ ఆర్పి వచ్చి మళ్లీ నా పీట మీద కూర్చున్నాను. కోడలు గడప దగ్గర నిలబడి ఉంది. మొగుడి వైపు మాట్లాడితే బిడ్డకు కోపం, బిడ్డ వైపు మాట్లాడితే మొగుడికి కోపం. అందుకని కొట్టంలో నుంచి తరిగిన మేత వాసనతో వచ్చిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉండిపోయింది.

మాది గౌలిపుర. ఇంటి వెనక బర్రెల కొట్టం. సందు మొదట్లో ఒక చిన్న గది ఉంది, అందులో పాల క్యాన్లు, పెరుగు గిన్నెలు, ఒక స్టూలు. దాన్ని మేం కౌంటరు అంటాం. నా కొడుకు తెల్లవారక ముందే బండి మీద క్యాన్లు కట్టుకొని మాదన్నపేట, మలక్‌పేట తిరిగి పాలు పోసి వస్తాడు. నెలనెలా మా దగ్గరే పాలు పోయించుకునే ఇళ్లు అవి. వాటిని వాడికలు అంటాం. కొన్ని వాడికలు నా మామ నాటివి. కోడలు కొట్టం చూసుకుంటుంది. కౌంటరులో మాత్రం జీతానికి ఒక మనిషి ఉండేవాడు. ఎండాకాలంలో ఊరికి పోయి మళ్లీ రాలేదు.

వేరే మనిషి దొరికేదాకా అని మనవరాలిని కూర్చోబెట్టాం. డిగ్రీ పూర్తి చేసి ఇంట్లోనే ఉంది, వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల కూర్చున్న నాటి నుంచి కౌంటరు కుదురుగా నడిచింది. ఉర్దూలో అడిగిన వాళ్లకు ఉర్దూలో, తెలుగులో అడిగిన వాళ్లకు తెలుగులో జవాబు చెప్పేది. ఎవరికి పుల్లటి పెరుగు కావాలో, ఎవరికి కమ్మటిది కావాలో అడగకుండానే తీసిచ్చేది. ఇక నా కొడుకు మనిషిని వెతకడం మానేశాడు. జీతం మిగులుతోందని నాకూ బాగానే ఉంది. పిల్లను అడగాలన్న ఆలోచన మా ఎవరికీ రాలేదు. కూర్చుంది కాబట్టి కూర్చునే ఉంటుంది అనుకున్నాం.

అది మాత్రం వేరే లెక్కలో ఉంది. దాని స్నేహితురాలి అన్నకు మలక్‌పేటలో జ్యూసు దుకాణం ఉంది. ఒక సాయంత్రం అక్కడికి పోయినప్పుడు పక్కన బండి మీద జున్ను అమ్ముతుంటే కొనుక్కొని తిన్నదట. ఇంటికి వచ్చి నాతో చెప్పింది.

“అది జున్ను గాదు నానమ్మా. పాలల్ల ఏదో పొడి కలిపి గట్టిగ చేసిన్రు. మంది మాత్రం లైను గట్టి తింటున్నరు. మన ఇంట్ల చేసినట్టు చేసి పెడితే ఎట్లుంటదంటవ్?”

నేను పట్టించుకోలేదు. తిండి గురించి పిల్లలు అనే మాటలు చాలా ఉంటాయి. కానీ జ్యూసు దుకాణం పిల్లవాడు సాయంత్రం పూట ముందు మూలన ఒక బల్ల వేసుకోమన్నాడట. అప్పటి నుంచి దాని మనసంతా ఆ బల్ల మీదే ఉంది. జున్నుపాలు కావాలని ముందు నన్నే అడిగింది. ఇవ్వనన్నాను.

మా ఇంట్లో జున్నుపాలు అమ్మరు. బర్రె ఈనితే మొదట దుడ్డెకు కడుపునిండా తాగిస్తాం. మిగిలినవి చెంబుల్లో పోసి వాడికలకు పంపుతాం. వాళ్లు చెంబును ఖాళీగా తిరిగి పంపరు, చిటికెడు బెల్లమైనా వేసి ఇస్తారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఇదంతా చూసి నాకే కడుపు మండింది, ఇంత చిక్కటి పాలు ఉట్టిగా పంచుతున్నారేమిటని. తర్వాత తెలిసింది అది ఉట్టిగా పంచడం కాదని. జున్ను ముట్టిందంటే కొట్టంలో బర్రె ఈనిందని, ఇక పాలకు కొదవ ఉండదని వాడికలకు తెలుస్తుంది. అదే బర్రె ఒట్టిపోయి పాలు తగ్గినప్పుడు, ఆ జున్ను తిన్న ఇల్లాలే “సరే, కొన్నాళ్లు తక్కువనే పొయ్యి” అని ఓర్చుకుంటుంది. వేరే పాలవాడిని పిలవదు. మా వాడికలు ఇన్నేళ్లు నిలిచింది పాలతో కాదు, ఆ చెంబెడు జున్నుతో. దాన్ని కప్పుల్లో పోసి అమ్మితే ఆ పూటకు లాభమే. తర్వాత పాలు తగ్గిన నెలలో చూడాలి.

ఇదంతా దానికి చెప్పాను. విన్నది. “సరే, మన కొట్టంలది వద్దు. వేరే కొట్టాలల్ల కొనుక్కుంట” అన్నది. ఆ మాటకు నాకు అడ్డు చెప్పాలనిపించలేదు. కొనుక్కుంటానన్నది కదా, కొనుక్కోనీ అనుకున్నాను.

ఆ తర్వాత నేను మలక్‌పేటలో మా తమ్ముడి ఇంటికి పోయి రెండు మూడు రోజులు ఉన్నాను. ఆ రోజుల్లోనే పని జరిగిపోయింది. పిల్ల స్కూటీ మీద క్యాను పెట్టుకొని గౌలిపురలో ఈనిన బర్రెలున్న కొట్టాలన్నీ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఇచ్చారు. మొదటి పూట పితికిన పసుపుపచ్చటి పాలు, చెంచా నిలబడేంత చిక్కటివి, ఏరి మరీ ఇచ్చారు. ఎవరూ పైసా ముట్టలేదు. అది ఇచ్చిన నోటును దాని జేబులోనే కుక్కి బుగ్గ పుణికి పంపారట. పిల్ల సంబరపడింది. పాలు ఊరికే వచ్చాయి, ఇక వ్యాపారంలో నష్టం ఎక్కడుంటుందని.

వాళ్లు అట్లా ఎందుకు ఇచ్చారో దానికి తెలియదు. మా పాలవాళ్లలో ఒక కొట్టం వాళ్లు ఇంకో కొట్టానికి జున్నుపాలకు పోయేది రెండే సందర్భాల్లో. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల అడిగితే పోతారు, లేకపోతే ఆడపిల్లను చూడటానికి చుట్టాలు వస్తుంటే పోతారు. మా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఎవరూ లేరని అందరికీ తెలుసు. పెళ్లీడు పిల్ల తానే క్యాను పట్టుకొని నవ్వుకుంటూ వచ్చింది. ఇంకేముంది, సంబంధం కుదిరిందనుకున్నారు. “పిలగాడు ఏం జేస్తడే?” అని అడిగిన వాళ్లు కూడా ఉన్నారు. పిల్ల వాళ్లు ఎగతాళి చేస్తున్నారనుకొని “మలక్‌పేటల దుకాణం ఉంది” అన్నదట, తాను పెట్టబోయే బల్లను తలచుకొని. దాంతో వాళ్లకు ఉన్న కాస్త అనుమానమూ పోయింది.

ఆదివారం సాయంత్రం మలక్‌పేటలో బల్ల పెట్టింది. జున్ను బాగా కుదిరిందనే చెప్పాలి. బెల్లం, మిరియాలు, యాలకులు నేను వేసే పాళ్లలోనే వేసింది. చీకటి పడేలోపు కప్పులన్నీ అయిపోయాయి. ఆ కప్పుల ఫొటో తీసి ఫోన్ స్టేటస్‌లో పెట్టుకుంది.

నేను తమ్ముడి ఇంటి నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం పక్క సందు కొట్టం ముసలామె మా ఇంటికి వచ్చింది. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. మెట్టు మీద కూర్చుంది. కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది.

“పెండ్లి ఎప్పుడే?” అని అడిగింది.

“ఎవల పెండ్లి అక్కా?”

“గదే నేను అడుగుతున్న.”

అప్పుడు ఒక్కొక్కటిగా చెప్పింది. పిల్ల జున్నుపాలకు రావడం, అందరూ సంతోషపడి ఇవ్వడం, నిన్న తన కోడలు ఫోనులో కప్పుల ఫొటో చూపించడం. గొంతు పెంచలేదు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

“మస్తు మంచిగ పెట్టింది పిల్ల. మీద యాలకుల పొడి గూడ చల్లింది” అన్నది. చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టింది. “చెప్పి తీస్కపోతే అయిపోతుండె. అమ్ముకుంటనంటే ఇస్తుంటిమో లేదో, అది వేరే ముచ్చట. ఇప్పుడు నా కోడలు ఏమంటున్నదో తెలుసా? అమ్ముడుపోయేదాన్ని మనం ఊకెనే పంచుతున్నమంటది. నా కొడుకు గూడ అదే ఆలోచన జేస్తున్నడు. రేపు మా బర్రె ఈనితే, వాడికలకు జున్ను పోతదో లేదో నాకైతే నమ్మకం లేదు.”

ఇంకో గ్లాసు చాయ్ పోయమంటావా అంటే వద్దని లేచి వెళ్లిపోయింది. తిట్టిపోస్తే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె తిట్టలేదు కాబట్టి నాకు చెప్పుకునేందుకు ఏమీ మిగల్లేదు.

సాయంత్రం నా కొడుకు ఇంటికి రాగానే చెప్పాను. మొదట్లో నేను రాసిన లొల్లి ఆ సాయంత్రం జరిగిందే.

మంది జున్ను అన్న మాట వచ్చేసరికి పిల్ల కాస్త తగ్గింది. వాళ్లు పెళ్లి అనుకున్నారని దానికి అప్పుడే తెలిసింది. నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

నా కొడుక్కి కోపం వస్తే గొంతు ఇంకా కిందికి దిగుతుంది. మెల్లగా లెక్క చెప్పాడు. ఇచ్చిన వాళ్లందరికీ మన బర్రెలు ఈనినప్పుడు మనం తిరిగి పంపాలి. వాళ్లకు పంపితే వాడికలకు ఉండదు. జున్ను ముట్టని వాడికలు మెల్లగా ప్యాకెట్ పాలకు పోతారు. అది ఒక్క సాయంత్రం అమ్మిన కప్పులు ఎక్కడిదాకా పోయాయో చూడమన్నాడు.

“సరే బాపూ, నాది తప్పయింది. పోయి అందరికి చెప్త” అన్నది. “కని నా దుకాణం మాత్రం బంద్ చెయ్య.”

“పాలేడివి? మనయి నానమ్మ ఇయ్యదు. వాళ్లయి ఇగ నువ్వు అడగలేవు. ఇగ ఏడికెల్లి తెస్తవ్? కథ అయిపాయె. పొద్దుగాల కౌంటర్ల కూసో. నా తర్వాత అది నీదే గద. నాకేమన్న ఇంకొగలున్నరా?”

“నీ తర్వాత నాదంటవ్. నాకు ఇప్పుడు కావాలె బాపూ, చిన్నదైనా సరే. కూసోమంటే కూసుంట. కని జీతగాడు కూసున్నట్టు కూసుంట. నా మనసు గాడుండది.”

ఆ మాటకు వాడు గోడకు ఆనుకొని భుజం పట్టుకున్నాడు. ఏళ్లుగా క్యాన్లు ఎత్తి ఎత్తి వాడి కుడి భుజం పోయింది. కౌంటరులో కూతురు కూర్చుంటే తనకు కాస్త వెసులుబాటు అనుకున్నాడు. దానికి సొంతం కావాలి, వీడికి తోడు కావాలి. ఇద్దరు అడిగేదీ తప్పు కాదు. కానీ మనిషి మాత్రం ఒక్కతే.

ఇద్దరూ నా వైపు చూశారు. మా ఇంట్లో మాట ఎక్కడో ఆగిపోతే నా దగ్గరికి వస్తుంది. తీర్పు చెప్పమని కాదు, తమ పక్షాన ఒక మాట అనమని.

“దుకాణం నీదంటున్నవ్” అన్నాను పిల్లతో. “మరి పాలు నీవెట్లయినయి?”

“నేనే తిరిగి తెచ్చిన గద నానమ్మా.”

“నువ్వు తేలే. ఈ ఇంటి పేరు తెచ్చింది. నువ్వు మా పిల్లవని ఇచ్చిన్రు. గా పాలతోని పెట్టిన దుకాణం మీ బాపు దుకాణమే, నీది గాదు. నీదే కావాల్నంటే నిన్ను ఎరగనోని కాడ కొను. వాడు ధర చెప్తడు, నువ్వు బేరం చెయ్యి. ఇయ్య, పొమ్మంటడు, ఇంకోని కాడికి పో. అట్ల తెచ్చిన పాలకు నీకు మిగిలితే నడుపు. మిగలకుంటే బంద్ చేసి వచ్చి కౌంటర్ల కూసో, అప్పుడు ఎవరి మీద ఏడ్వకు.”

“ఊరవతల కొనాలంటే పెట్రోలు ఖర్చే...” అని మొదలుపెట్టింది.

“ఆ ఖర్చు గూడ జున్ను ధరల్నే రావాలె. ఇంట్లకెల్లి ఒక్క చెంచ బెల్లం ఇయ్య. స్టవ్ కావాల్నంటే వాడుకో, కని గ్యాసు నువ్వు తెచ్చుకో.”

కోడలు గడప దగ్గర కదిలింది, బెల్లం మాట దగ్గర నేను మరీ బిగించానని అనిపించిందేమో. నేను పట్టించుకోలేదు. ఇంట్లో నుంచి బెల్లం ఇస్తే దానికి జున్ను అసలు ధర ఎంతో ఎప్పటికీ తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పాను. ఏ కొట్టంలోనైనా ముందు దుడ్డెను చూడాలి, తర్వాతే పాలు చూడాలి. దుడ్డె పక్కటెముకలు తేలి ఉంటే ఆ ఇంట్లో ఎంత అగ్గువకు ఇచ్చినా కొనకూడదు. దుడ్డె నోట్లోది లాక్కొని అమ్మేవాడు రేపు నీ పాలల్లో నీళ్లు పోయడని ఏముంది అన్నాను. దీనికి మాత్రం పిల్ల తల ఊపింది.

నా కొడుకు అప్పుడు నా మీదికి తిరిగాడు. “అమ్మా, నువ్వే ఎగదోస్తున్నవ్. రేపు కౌంటర్ల ఎవలు కూసుంటరు?”

“రేపటి సంగతి రేపు” అన్నాను.

పిల్ల ఆ సాయంత్రమే కొట్టాలన్నింటికీ పోయి వచ్చింది. ప్రతి ఇంటికీ ఇంత బెల్లం పట్టుకొని పొమ్మన్నాను, అది మాత్రం ఇంట్లో డబ్బాలోదే. ఎందుకంటే ఆ మర్యాద ఇంటిది, దానిది కాదు. సంబంధం ఏదీ లేదని, జున్ను అమ్ముకున్నానని తానే చెప్పాలని చెప్పి పంపాను. తిరిగి వచ్చేటప్పటికి మొహం చిన్నబోయి ఉంది. ఎవరేమన్నారో చెప్పలేదు. పక్క సందు ముసలామె మాత్రం బెల్లం తీసుకొని కూర్చోబెట్టి అన్నం తినిపించిందని కోడలితో చెబుతుంటే విన్నాను. మా ఇంట్లో ఆ పూట దాని కంచం పెట్టే పని లేకపోయింది.

మర్నాడు తెల్లవారుజామున నా కొడుకు ఎప్పటిలాగే క్యాన్లు కట్టుకొని మలక్‌పేట వైపు పోయాడు. పిల్ల స్వెట్టర్ వేసుకొని, ఖాళీ క్యాను స్కూటీకి కట్టుకొని ఇబ్రహీంపట్నం దిక్కు పోయింది. ఒకరి వెనక ఒకరు సందు దాటారు.

నేను కౌంటరు తాళం తీసి స్టూలు మీద కూర్చున్నాను. మోకాళ్లు నొప్పులని కోడలు వద్దన్నది. కూర్చునే పనికి మోకాళ్లతో ఏం పని అన్నాను. పొద్దున పాలకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మూల మీది చాయ్ హోటలాయన తన క్యాను ముందుకు పెట్టి, “క్యా అమ్మా, ఆజ్ తుమ్ బైఠే? బచ్చీ కాఁ గయీ?” అని, ఇవాళ నువ్వు కూర్చున్నావేం, పిల్ల ఎక్కడికి పోయిందని అడిగాడు. “అప్నే కామ్ పే గయీ” అని, తన సొంత పనికి పోయిందని చెప్పాను. కొలత నిండుగా పోశాను కానీ అంచు దాటనివ్వలేదు. పిల్ల పైన కాస్త కొసరు పోసేదట, ఆయన గుర్తు చేశాడు. ఆ కొసరు పిల్లతోనే పోయింది, నా దగ్గర ఉండదని చెప్పాను. నవ్వుకుంటూ పోయాడు.

నా కొడుకు పాలు పోసి తిరిగి వచ్చేసరికి ఎండ సందులోకి వచ్చింది. నన్ను కౌంటరులో చూసి, బండి దిగి ఖాళీ క్యాన్లు దించాడు.

“మనిషి కోసం చూస్త తియ్యి” అన్నాడు.

“చూడు. కని అగ్గువకొచ్చేటోన్ని చూడు” అన్నాను.

పిల్ల ఇంకా చాలాసేపటికి వచ్చింది. జుట్టంతా దుమ్ము. క్యాను సగం కూడా నిండలేదు. ఒక చోట దుడ్డె బక్కగా ఉందని తానే వెనక్కి వచ్చిందట. ఇంకో చోట ఆడపిల్లవు, నీకు వ్యాపారమేంది, మీ నాయనను తోలుకరమ్మన్నారట. ఆఖరికి ఒక ముసలాయన ఇచ్చాడు.

“ఎంత మోటు మనిషి నానమ్మా. క్యాను మల్లొకసారి నా ముంగట కడుగుమన్నడు. ధర ఒక్క రూపాయి తగ్గియ్యలే.”

“మల్ల రమ్మన్నడా?”

“ఐతారం నాడు ఇంకో బర్రె ఈనుతదట. పొద్దుగాల్నే రమ్మన్నడు, ఆలస్యమైతే వేరేటోళ్లకు పోస్తడట.”

క్యాను మూత తీసి చూపించింది. పాలు పసుపుగా ఉన్నాయి, రెండో పూటవి. వాటికి మామూలు పాలు ఎన్ని కలపాలో అడిగింది, చెప్పాను. మామూలు పాలు మన కౌంటరులోవే కొనుక్కుంది, అందరికీ పోసే ధరకే. తండ్రి చేతిలోనే నోటు పెట్టింది. వాడు దాన్ని చూసి, నన్ను చూసి, గల్లాలో వేసి చిల్లర తిరిగి ఇచ్చాడు. పిల్ల లోపలికి పోయి స్టవ్ వెలిగించింది. పెరుగు కోసం వచ్చిన ఆమె గిన్నె చాపి నిలబడి ఉంది. నేను ఆమెకు పెరుగు తోడాను.